శుష్క శిలాభూముల్లో ఆవ కుటుంబపు అడవి మొక్కలు: పశ్చిమ ఉత్తర అమెరికాలో వాటి గుర్తింపు

ఆవాలు, ముల్లంగి, క్యాబేజీ, కాలీఫ్లవర్ పుట్టిన కుటుంబం బ్రాసికేసి. దీని పాత పేరు క్రూసిఫెరె. ఇందులో సుమారు 340 ప్రజాతులు, దాదాపు 4,000 జాతులు ఉన్నాయి. మనిషి సాగుచేసేవి వీటిలో గుప్పెడే. మిగిలినవి ఎక్కువగా సమశీతోష్ణ మండలపు మెట్ట నేలల్లో, కొండచరియల్లో, రాతి పగుళ్లలో పెరిగే అడవి మొక్కలు. మధ్యధరా తీరం, ఇరాన్ నుంచి మధ్య ఆసియా దాకా ఉన్న ఎండు భూములు, పశ్చిమ ఉత్తర అమెరికా ఈ కుటుంబానికి ప్రధాన నివాసాలు. ఈ వ్యాసం మూడో ప్రాంతానికి పరిమితం. రాకీ పర్వతాల పాదాలు, కొలరాడో పీఠభూమి, గ్రేట్ బేసిన్, కాలిఫోర్నియా సర్పెంటైన్ కొండలు దీని పరిధిలోకి వస్తాయి.

ఈ మొక్కలను వేరుచేయడం వృక్షశాస్త్రంలో కష్టమైన పనుల్లో ఒకటిగా పేరుపడింది. పువ్వులన్నీ దాదాపు ఒకే అచ్చులో ఉండటమే కారణం. పువ్వు చూస్తే కుటుంబం తెలుస్తుంది, కానీ ప్రజాతి, జాతి తేలాలంటే కాయను, నూగును, గింజను చూడాలి.

కుటుంబ లక్షణాలు

పువ్వులో నాలుగు రక్షక పత్రాలు, శిలువ ఆకారంలో పరచుకున్న నాలుగు ఆకర్షక పత్రాలు ఉంటాయి. కేసరాలు ఆరు. వాటిలో లోపలి నాలుగు పొడవు, బయటి రెండు పొట్టి. ఈ అమరికను చతుర్దీర్ఘ స్థితి అంటారు. అండాశయం ఊర్ధ్వం. కాయ లోపల రెప్లం అనే సన్నని చట్రం, దాని మధ్య బిగించిన పొరలాంటి మిథ్యా కుడ్యం ఉంటాయి. కాయ పండినప్పుడు రెండు కవాటాలు కింది నుంచి పైకి ఊడిపోతాయి. చట్రం, పొర మాత్రం కాడకే మిగులుతాయి. ఎండిపోయిన మొక్క మీద ఈ తెల్లని పొరలు కనిపిస్తే పువ్వు లేకపోయినా కుటుంబాన్ని నిర్ధారించవచ్చు. ఆకు నలిపితే వచ్చే ఘాటు గ్లూకోసినోలేట్ల వల్ల కలుగుతుంది. కణాలు చితికినప్పుడు మైరోసినేజ్ అనే ఎంజైము వీటి మీద పనిచేసి ఆవనూనె ఘాటును విడుదల చేస్తుంది.

ఈ కుటుంబానికి అత్యంత దగ్గరి బంధువు క్లియోమేసి. తెలుగు నేలల్లో బీళ్లలో, గట్ల మీద కనిపించే వామింట, కుక్కవామింట ఆ కుటుంబానివే. అక్కడా ఆకర్షక పత్రాలు నాలుగే, కాయ సన్నగా పొడవుగానే ఉంటుంది. తేడా ఏమిటంటే వామింట ఆకు హస్తాకారంలో చీలి ఉంటుంది, కేసరాల్లో నాలుగు పొడవు, రెండు పొట్టి అన్న లెక్క ఉండదు, కాయలో అడ్డు పొర ఉండదు. ఈ తేడా అమెరికాలోనూ పనికొస్తుంది. అక్కడి ఎండు భూముల్లో పసుపు, గులాబీ పూల క్లియోమేసి మొక్కలు ఆవ కుటుంబపు మొక్కల పక్కనే పెరుగుతాయి. (చూ. స్టాన్లేయా)

వర్గీకరణ చరిత్ర

లిన్నేయస్ 1753లో ఈ మొక్కలను టెట్రాడైనమియా అనే తరగతిలో చేర్చి, కాయ పొడవును బట్టి రెండుగా విడగొట్టాడు. పొట్టి కాయలవి సిలిక్యులోసా, పొడవు కాయలవి సిలిక్వోసా. ఈ విభజన గుర్తింపుకు ఇప్పటికీ సాయపడుతుంది గానీ వంశ సంబంధాన్ని చూపదు. 1821లో డి కాండోల్ విత్తనం లోపల ప్రథమ మూలం బీజదళాల మీద ఎలా వాలి ఉందో చూసి వర్గీకరణ చేశాడు. బీజదళాల అంచుకు ఆని ఉండటం ఒక పద్ధతి, వీపుకు ఆని ఉండటం రెండోది, మడతపడిన బీజదళాల నడుమ ఇమిడి ఉండటం మూడోది.

పశ్చిమ అమెరికా మొక్కల విషయంలో ముఖ్యమైన పేర్లు తర్వాతి కాలానివి. ఏసా గ్రే 1848లో ఫిసేరియా ప్రజాతిని స్థాపించాడు. సెరెనో వాట్సన్ 1888లో లెస్క్వెరెల్లాను వేరు చేశాడు. స్విట్జర్లాండులో పుట్టి అమెరికాలో శిలాజ వృక్షాలను, నాచులను అధ్యయనం చేసిన లియో లెస్క్వెరూ పేరు దానికి పెట్టాడు. ఎడ్విన్ పేసన్ 1921లో ఆ ప్రజాతి మీద సమగ్ర గ్రంథం తెచ్చాడు. 20వ శతాబ్దంలో ఈ కుటుంబం మీద విస్తృతంగా పనిచేసినవాడు హార్వర్డ్‌కు చెందిన రీడ్ రోలిన్స్. ఎలిజబెత్ షాతో కలిసి ఆయన రాసిన లెస్క్వెరెల్లా గ్రంథం 1973లో, ఖండమంతటి క్రూసిఫెరె మీద రాసిన పెద్ద గ్రంథం 1993లో వెలువడ్డాయి.

డీఎన్ఏ అధ్యయనాలు వచ్చాక పాత సరిహద్దులు చాలా చెదిరాయి. జంట బుడగల కాయలున్న ఫిసేరియా, ఒంటి బుడగ కాయలున్న లెస్క్వెరెల్లా లోపలి నుంచే పుట్టిందని తేలింది. 2002లో ఇహ్సాన్ అల్-షెహ్‌బాజ్, స్టీవ్ ఓకేన్ లెస్క్వెరెల్లా జాతుల్లో అత్యధిక భాగాన్ని ఫిసేరియాలో కలిపారు. జాతుల సంఖ్యలో లెస్క్వెరెల్లాయే పెద్దది. అయినా ముందు పెట్టిన పేరుకే హక్కు అన్న నామకరణ నియమం ప్రకారం చిన్నదాని పేరు నిలిచింది. కాండాన్ని చెవుల్లా చుట్టుకునే ఆకులున్న తూర్పు ప్రాంతపు జాతులు కొన్నింటిని పేసన్ పేరు మీద పేసోనియా అనే కొత్త ప్రజాతిగా వేరు చేశారు. మరుసటి ఏడు అల్-షెహ్‌బాజ్ ఉత్తర అమెరికా అరాబిస్ జాతుల్లో ఎక్కువ భాగాన్ని బోచెరాకు మార్చారు. ‘ఫ్లోరా ఆఫ్ నార్త్ అమెరికా’ ఏడో సంపుటం (2010) ఈ కొత్త పేర్లనే వాడింది. అంతకు ముందరి పుస్తకాలు చేతపట్టుకుని కొండెక్కేవారు ఒకే మొక్కకు రెండు పేర్లు ఉంటాయని గుర్తుంచుకోవాలి.

గుర్తింపుకు ఆధారాలు

*కాయ.* అన్నిటికంటే నమ్మదగిన ఆధారం ఇదే. పొడవు వెడల్పుకు మూడు రెట్లు దాటితే సిలిక్వా, దాటకపోతే సిలిక్యులా. తర్వాత చూడవలసింది కాయ ఏ వైపు నుంచి నొక్కుకుపోయిందన్నది. నొక్కు మిథ్యా కుడ్యానికి సమాంతరంగా ఉంటే పొర కాయంత వెడల్పు ఉంటుంది. డ్రాబా, బోచెరా ఇలాంటివి. నొక్కు కుడ్యానికి అడ్డంగా ఉంటే పొర ఇరుకుగా, కాయ మధ్యలో సన్నని గీతలా కనబడుతుంది. లెపిడియం, నొక్కేయా ఇలాంటివి. కాయను గోటితో విప్పి పొర వెడల్పు చూస్తే చాలు, సగం ప్రజాతులు పక్కకు తప్పుకుంటాయి. ఆ పైన కాయ ఉబ్బిందా లేదా, కొనన నొక్కు ఉందా, కీలం ఎంత పొడవుగా మిగిలింది, కాయకాడ నిటారా, అడ్డమా, కిందికి వంగిందా అన్నవి చూడాలి.

*నూగు.* పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం లేకుండా ఈ కుటుంబం జోలికి వెళ్లడం వృథా. కంటికి ఒకేలా బూడిదరంగులో కనిపించే రెండు ఆకుల మీద పూర్తిగా వేరు వేరు కేశాలు ఉంటాయి. కొన్ని కొమ్మలు లేని సాదా కేశాలు. కొన్ని రెండుగా చీలినవి. కొన్నింటి కాడ మధ్యలో అతుక్కుని, రెండు చేతులూ ఆకును ఆనుకుని పడుకుని ఉంటాయి. కొన్ని చెట్టులా కొమ్మలు వేసినవి, కొన్ని నక్షత్రాకారంలో చుట్టూ కిరణాలు చాచినవి. నక్షత్ర కేశాల్లోనూ కిరణాలు ఎన్ని, అవి మళ్లీ చీలాయా, మొదట్లో ఒకదానికొకటి అతుక్కుని పొరలా అయ్యాయా అన్నవి జాతి స్థాయిలో లెక్కకు వస్తాయి. కేశాలను కాండం అడుగున, నేలను అంటిన ఆకుల మీద చూడాలి. పైకి పోయేకొద్దీ అవి పలచబడి లక్షణం చెరిగిపోతుంది.

*గింజ.* ప్రతి అరలో గింజలు ఒకే వరుసలో ఉన్నాయా, రెండు వరుసల్లోనా, గింజ చుట్టూ రెక్కలాంటి పలచని అంచు ఉందా అన్నవి చూస్తారు. బీజదళాల అమరిక చూడాలంటే నానబెట్టిన గింజను కోయాలి. అది ప్రయోగశాల పని.

*పువ్వు.* రంగు తొందరపెట్టి తప్పుదారి పట్టిస్తుంది. పసుపు పువ్వు ఫిసేరియాలో, డ్రాబాలో, ఎరిసిమంలో, స్టాన్లేయాలో, ఇంకా ఎన్నో ప్రజాతుల్లో ఉంది. ఆకర్షక పత్రాల పరిమాణం, కేసరాల అమరిక మాత్రం పనికొస్తాయి.

ప్రధాన ప్రజాతులు

ఫిసేరియా

వాడుక పేర్లు బ్లాడర్‌పాడ్, ట్విన్‌పాడ్. నూరు పైచిలుకు జాతులు. ఉత్తర అమెరికాలోనే ఎక్కువ. కొన్ని బొలీవియా, అర్జెంటీనాల్లోనూ ఉన్నాయి. లోతైన తల్లివేరు, నేలమీద చక్రంలా పరచుకున్న వెండిరంగు ఆకులు, ఆ చక్రం పక్కల నుంచి బయటికి వాలిన కాడలు, పసుపు పువ్వులు దీని గుర్తులు. ఆ వెండిరంగు ఆకు నిండా చాపలా కప్పుకున్న నక్షత్ర కేశాల వల్ల వస్తుంది. కాయ ఉబ్బి ఉంటుంది. బ్లాడర్‌పాడ్ జాతుల్లో అది బఠాణీ గింజంత ఒంటి గుండు. ట్విన్‌పాడ్ జాతుల్లో రెండు పలచని బుడగలు ఇరుకైన చట్రానికి చెరో వైపు అతుక్కుని ఉంటాయి. ఫిసేరియా తెగకు పుప్పొడిలోనూ ఒక ప్రత్యేకత ఉంది. కుటుంబంలో మిగతా అన్ని తెగల పుప్పొడి రేణువుకు మూడు గాళ్లు ఉండగా ఈ తెగలో సాధారణంగా నాలుగు లేదా అంతకు మించి ఉంటాయి.

జాతులను విడదీయడంలో కాయ నొక్కులు కీలకం. నొక్కు పైన మాత్రమే ఉందా, పైనా కిందా రెండు చోట్లా ఉందా, రెండూ సమానమా అని చూస్తారు. కీలం పొడవు, కాయ మీద నూగు ఉందా, కాయకాడ తిన్నగా ఉందా, వంకర తిరిగిందా అన్నవి తర్వాతి మెట్లు.

కొలరాడోలో, రాకీల తూర్పు పాదంలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. ఫిసేరియా బెల్లై ఆ పాదపు ఉత్తర భాగంలో షేల్ రాతి వాలుల మీద పెరుగుతుంది. దాని అడుగు ఆకులు వెడల్పుగా, కొన గుండ్రంగా ఉంటాయి. ఫిసేరియా విటులిఫెరా గ్రానైట్ కంకర మీద పెరుగుతుంది. దాని ఆకు రెండు పక్కలా లోతుగా నొక్కుకుని ఫిడేలు ఆకారంలో ఉంటుంది. పువ్వు ఒక్కటే చూస్తే రెండింటినీ విడదీయలేం. ఈ రెంటి హద్దులు కలిసే చోట సంకరాలు ఏర్పడ్డాయని డీఎన్ఏ పరీక్షల్లో తేలింది. అలాంటి మొక్కల్లో ఆకు నొక్కు మధ్యరకంగా ఉంటుంది.

అదే రాష్ట్రపు వాయవ్యాన రియో బ్లాంకో కౌంటీలో మరో జంట ఉంది. ఫిసేరియా కంజెస్టా వేలి మందం మించని బిగువైన దిండులా తెల్లని షేల్ పలకల మీద అంటుకుని ఉంటుంది. ఫిసేరియా ఆబ్కార్డేటా కాడలు జానెడు దాకా లేస్తాయి. దాని కాయ తలకిందులైన హృదయాకారంలో ఉంటుంది. మొదటిది చదునైన రాతి మీద, రెండోది నిటారు వాలుల మీద. రెండూ గ్రీన్ రివర్ శిలా వ్యవస్థకు కట్టుబడినవే. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందటి సరస్సుల అడుగున పేరుకున్న ఆ పొరల్లోనే చమురు షేల్ ఉంది. (చూ. సంరక్షణ)

ఫిసేరియాతో కలగాపులగం అయ్యేది యూరేషియా నుంచి వచ్చి కలుపుగా స్థిరపడిన అలిసం. దానికీ నక్షత్ర కేశాలు, పసుపు పువ్వులు ఉన్నాయి. అయితే అది ఏకవార్షికం. పువ్వు రెండు మూడు మి.మీ. మించదు. కాయ ఉబ్బిన గుండు కాదు, మధ్యలో కొద్దిగా ఎత్తున్న చదునైన బిళ్ల. అలిసం డెజర్టోరం కాయ నున్నగా, అలిసం సింప్లెక్స్ కాయ నూగుతో ఉంటుంది.

బోచెరా

వాడుక పేరు రాక్‌క్రెస్. డేనిష్ వృక్షశాస్త్రజ్ఞుడు టైగె బోచెర్ పేరు మీద ఆస్కెల్, డోరిస్ లోవ్ దంపతులు 1970ల్లో పెట్టిన ప్రజాతి. సుమారు 110 జాతులు, దాదాపు అన్నీ ఉత్తర అమెరికావే. సన్నని నిటారు కాండం, తెలుపు నుంచి ఊదా దాకా పువ్వులు, పొడవైన చదునైన కాయలు. అరాబిస్ నుంచి దీన్ని విడదీసింది క్రోమోసోముల సంఖ్య. అరాబిస్ మూల సంఖ్య 8, బోచెరాది 7. కంటితో చూసి ఈ తేడాను పట్టలేం. అందుకే ఒకటిన్నర శతాబ్దాలకు పైగా ఇవి అరాబిస్‌లోనే ఉండిపోయాయి.

తేలికగా విడదీయగల రెండు సామాన్య జాతులు: బోచెరా స్ట్రిక్టా, బోచెరా రెట్రోఫ్రాక్టా. స్ట్రిక్టా కాయలు కాండానికి ఆనుకుని పైకి నిలుస్తాయి. అరలో గింజలు రెండు వరుసలు. అడుగు ఆకుల మీద కేశాలు మధ్యలో అతుక్కుని రెండు చేతులు చాచినవి. రెట్రోఫ్రాక్టా కాయలు కాడ దగ్గరే మడతపడి కాండం వెంట కిందికి వేలాడతాయి. గింజలు ఒకే వరుస. కేశాలు చిన్నవి, అనేక కిరణాలవి. వీటి సంకరాల్లో కాయ పైకీ నిలవక, కిందికీ వేలాడక అడ్డంగా చాచుకుంటుంది. కొండదారి పక్కన అడ్డంగా చాచిన కాయలున్న రాక్‌క్రెస్ కనిపిస్తే దానికి వెంటనే జాతి పేరు పెట్టకుండా కేశాలు చూడటం మంచిది.

డ్రాబా

కుటుంబంలో అతిపెద్ద ప్రజాతి. 370కి పైగా జాతులు. ఎత్తయిన చోట్ల రాతి మధ్య చిన్న చిన్న గుబురులుగా పెరుగుతుంది. హిమాలయాల్లో, ఆండీస్‌లో, ఆర్కిటిక్‌లో కూడా ఉంది. కాయ పొట్టిది, చదునైనది, గుడ్డు నుంచి ఈటె మొన ఆకారం దాకా మారుతుంది. అప్పుడప్పుడు మెలితిరుగుతుంది. గింజలు అరకు రెండు వరుసలు. కాయ చదును వల్ల ఫిసేరియా నుంచి, కాయ పొట్టితనం వల్ల బోచెరా నుంచి విడిపోతుంది.

జాతుల తేడా దాదాపు అంతా ఆకు నూగులో ఉంది. డ్రాబా ఆలిగోస్పెర్మా, డ్రాబా డెన్సిఫోలియా రెండూ పసుపు పూల దిండ్లే. మొదటిదాని ఆకు మీద దువ్వెన పళ్లలా రెండు పక్కలా కిరణాలు వేసిన కేశాలు ఆకును అంటుకుని పడుకుంటాయి. రెండోదాని ఆకు పైభాగం దాదాపు నున్నగా ఉండి, అంచుల వెంట బిరుసైన సాదా కేశాలు కంటి రెప్పల్లా నిలుస్తాయి. భూతద్దంలో ఒక్కసారి చూస్తే ఈ రెండింటి విషయంలో మళ్లీ పొరపడరు.

స్టాన్లేయా, స్ట్రెప్టాంథస్

స్టాన్లేయా పిన్నేటాను ప్రిన్సెస్ ప్లూమ్ అంటారు. మొదలు కొయ్యబారి, మీటరు దాటి ఎదిగే మొక్క. నిటారు పసుపు కంకి దూరం నుంచే కనబడుతుంది. ఈ ప్రజాతికి వృక్షశాస్త్రజ్ఞుడు నట్టాల్ 1818లో పేరు పెట్టాడు. కేసరాలు ఆరూ దాదాపు సమానంగా ఉండి పువ్వు బయటికి బాగా సాగుతాయి. అండాశయం జాయాంగధరం అనే పొడవైన కాడ మీద నిలబడుతుంది. కాయ కూడా ఆ కాడ చివర నుంచే వేలాడుతుంది. ఈ లక్షణాలన్నీ వామింట జాతులకు దగ్గర. కొత్తవారు దీన్ని క్లియోమేసిలో వెతకడంలో వింత లేదు. కాయ విప్పి అడ్డు పొర ఉందని చూస్తే సందేహం తీరుతుంది.

స్ట్రెప్టాంథస్‌ను జువెల్‌ఫ్లవర్ అంటారు. కాలిఫోర్నియాలో ఎక్కువ. రక్షక పత్రాలు కలిసి కూజాలా ఏర్పడి, వాటి మూతి నుంచి ముడతలు పడిన ఇరుకు ఆకర్షక పత్రాలు బయటికి చూస్తాయి. శిలువ ఆకారం అంత స్పష్టంగా కనబడదు. కేసరాలు మూడు జతలుగా మూడు వేరువేరు పొడవుల్లో ఉండటం తరచు కనిపిస్తుంది. స్ట్రెప్టాంథస్ బ్రూవెరి ఆకుల మీద చిన్న నారింజ రంగు బుడిపెలు ఉంటాయి. ఇవి పియరిస్ వర్గపు సీతాకోకచిలుకల గుడ్లను పోలి ఉంటాయి. గుడ్డు పెట్టడానికి వచ్చిన సీతాకోకచిలుక ఈ ఆకు మీద అప్పటికే గుడ్లున్నాయనుకుని వెళ్లిపోతుందని 1981లో ఆర్థర్ షాపిరో ప్రయోగంతో చూపాడు.

ఎరిసిమం, ఇతరాలు

ఎరిసిమం కాపిటేటం (వాల్‌ఫ్లవర్) పువ్వు పెద్దది, పసుపు లేదా నారింజ రంగుది. కాయ సన్నగా పొడవుగా, తరచు నాలుగు పలకలుగా ఉంటుంది. కాండం మీద రెండు చేతుల కేశాలు నిలువునా ఒకే దిక్కుగా పడుకుంటాయి. వేలితో కింద నుంచి పైకి రాస్తే ఇవి తెలుస్తాయి. ఈ ప్రజాతి గ్లూకోసినోలేట్లతో పాటు గుండె మీద పనిచేసే కార్డెనోలైడ్లను కూడా తయారు చేస్తుంది.

లెపిడియంలో కాయ చదునైన చిన్న బిళ్ల, అరకు ఒకే గింజ. నొక్కేయా మొక్క మొత్తం నున్నగా ఉంటుంది. నూగు లేకపోవడమే దాని గుర్తు. స్మెలోవ్‌స్కియా ఆకులు సన్నగా చీలి, చెట్టులా కొమ్మలు వేసిన కేశాలతో బూడిదరంగులో ఉంటాయి. డెస్క్యురేనియా ఆకులు ఇంకా సన్నగా, రెండుసార్లు చీలి ఉంటాయి. కొన్ని జాతుల్లో గ్రంథి కేశాలు కూడా ఉంటాయి.

సంకరణం, అసంయోగజననం

బోచెరాలో జాతి హద్దు గీయడం ఎందుకు కష్టమో దాని పునరుత్పత్తి చెబుతుంది. లైంగికంగా పెరిగే ద్వయస్థితిక (క్రోమోసోముల జట్లు రెండున్న) జాతుల్లో క్రోమోసోములు 14. ఇవి ఒకదానితో ఒకటి సులువుగా సంకరమవుతాయి. సంకరాలు మామూలుగా వంధ్యంగా మిగలాలి. కానీ బోచెరాలో చాలా సంకరాలు అసంయోగజననం నేర్చాయి. అంటే ఫలదీకరణ లేకుండానే తల్లికి అచ్చు నకలైన విత్తనాలు వేస్తాయి. 21 క్రోమోసోముల త్రయస్థితికాలు ఇలా వేల సంఖ్యలో వ్యాపించాయి. మామూలుగా బహుస్థితికాల్లో కనిపించే అసంయోగజననం ఇక్కడ ద్వయస్థితిక సంకరాల్లో కూడా ఉండటం అరుదైన విషయం. బోచెర్ స్వయంగా 20వ శతాబ్దపు మధ్యకాలంలో గ్రీన్‌లాండ్ మొక్కల మీద దీన్ని పరిశీలించాడు.

దీని ఫలితం ఏమిటంటే ప్రతి సంకర వంశమూ ఒక నకలు వరుసగా నిలిచిపోయి చూడటానికి సొంత జాతిలా ఉంటుంది. కొందరు వృక్షశాస్త్రజ్ఞులు వాటికి వేరే జాతి పేర్లు ఇస్తారు. కొందరు తల్లిదండ్రుల పేర్లు జతచేసి సంకరంగానే రాస్తారు. ఏది సరి అన్నది ఇంకా తెగని వాదం. తల్లిదండ్రులు ఎవరో తేల్చడానికి మాత్రం మైక్రోసాటిలైట్ డీఎన్ఏ గుర్తులు నమ్మకంగా పనిచేస్తున్నాయి. హెర్బేరియంలో పాత నమూనాల నుంచి కూడా డీఎన్ఏ తీసి పరీక్షిస్తున్నారు. డ్రాబా ఆలిగోస్పెర్మాలోనూ అసంయోగజననం ఉంది.

మోసపుచ్చే రూపం: తుప్పు తెగులు

కొండల మీద వసంతంలో రాక్‌క్రెస్ మొక్కకు మెరిసే పసుపు పువ్వు కనిపిస్తే అది పువ్వు కాకపోవచ్చు. పక్సినియా మోనోయికా అనే తుప్పు తెగులు బూజు బోచెరా మొక్కను పట్టి, దాని కాండాన్ని సాగదీసి, చివరన ఆకులను గుత్తిగా చేర్చి పసుపుగా మారుస్తుంది. ఆ ఆకుల మీద తీపి ద్రవం ఊరుతుంది, వాసన వస్తుంది. ఈగలు, తేనెటీగలు వచ్చి వాలుతాయి. ఒక మొక్క నుంచి మరో మొక్కకు బూజు సంయోగ కణాలను మోస్తాయి. అసలు మొక్క ఆ ఏడాది పూయదు. ఈ కపట పుష్పాలు చుట్టుపక్కల పూసే బటర్‌కప్ పువ్వులను పోలి ఉంటాయని 1993లో బార్బరా రాయ్ ‘నేచర్’ పత్రికలో ప్రకటించింది. చేతికి తీసుకుని చూస్తే ఆకర్షక పత్రాలూ కేసరాలూ ఏవీ ఉండవు. ఆకుల మీద నలకల్లాంటి బూజు గుంటలు మాత్రం ఉంటాయి.

నేల, శిల

ఈ మొక్కల్లో చాలావాటి చిరునామా శిలతోనే మొదలవుతుంది. షేల్, సున్నపురాయి, జిప్సం, సర్పెంటైన్ నేలలు పోషకాల్లో పేదవి, ఎండకు కాగేవి, గడ్డి దట్టంగా పట్టనివి. పోటీ తక్కువ కావడంతో లోతు వేరున్న ఈ చిన్న మొక్కలు అక్కడ నిలదొక్కుకున్నాయి. నేలలోని లోహాలను తమలో నింపుకునేవి కూడా వీటిలో ఉన్నాయి. స్ట్రెప్టాంథస్ పాలీగాలాయిడీస్ సర్పెంటైన్ నేలల నుంచి నికెల్‌ను ఎండు బరువులో 0.1 శాతానికి మించి పోగుచేసుకుంటుంది. స్టాన్లేయా పిన్నేటా సెలీనియంను పోగుచేస్తుంది. క్రెటేషియస్ యుగపు షేల్ నుంచి పుట్టిన నేలల్లో ఈ మూలకం ఎక్కువ. రసాయనపరంగా సల్ఫర్‌కు దగ్గరిది కావడంతో మొక్క దాన్ని సల్ఫేట్ దారిలోనే లోపలికి తీసుకుంటుంది. వ్యోమింగ్‌లో 1930ల్లో జరిగిన పరిశోధనలు పశువుల మృత్యువుకూ సెలీనియం మొక్కలకూ ఉన్న సంబంధాన్ని బయటపెట్టాయి. అప్పటి నుంచి స్టాన్లేయాను సెలీనియం నేలకు సూచికగా భావిస్తున్నారు.

గుర్తింపులో దీని విలువ ఇంత: కాళ్ల కింది రాయి ఏదో తెలిస్తే అనుమానించదగిన జాతుల జాబితా కుదించుకుపోతుంది. అయితే రాయిని బట్టి జాతిని నిర్ణయించడం తప్పు. రాయి సూచన మాత్రమే, సాక్ష్యం కాయదీ నూగుదీ.

ఆర్థిక ప్రాముఖ్యం

ఫిసేరియా ఫెండ్లెరి గింజల నూనెలో సగానికి పైగా లెస్క్వెరోలిక్ ఆమ్లం ఉంటుంది. ఇది 20 కార్బన్ల హైడ్రాక్సీ కొవ్వు ఆమ్లం. ఆముదంలోని 18 కార్బన్ల రిసినోలిక్ ఆమ్లానికి దగ్గరి రూపం. కందెనలు, పూతలు, సౌందర్య సాధనాల తయారీలో ఆముదం చేసే పని ఈ నూనె కూడా చేయగలదు. ఆముదపు గింజలోని రిసిన్ విషం ఇందులో లేదు. అందుకే అమెరికా వ్యవసాయ శాఖ 1960ల నుంచి దీన్ని పంటగా మలచడానికి పరిశోధనలు చేసింది. గింజ చిన్నది కావడం, దిగుబడి తక్కువ కావడం అడ్డంకులు. ఆముదం ఉత్పత్తిలో ప్రపంచంలో భారతదేశానిదే మొదటి స్థానం. తెలుగు రాష్ట్రాల మెట్ట రైతులకు అది తెలిసిన పంట. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత నూనెగింజల పరిశోధన సంస్థ ఆముదం మీద పనిచేస్తోంది.

బోచెరా స్ట్రిక్టా, ఆవ కుటుంబపు ప్రయోగశాల మొక్క అరబిడాప్సిస్‌కు దగ్గరి బంధువు కావడంతో, ప్రకృతిలో జన్యువులు ఎలా పనిచేస్తాయో చూడటానికి వాడుకలోకి వచ్చింది. సంకర విత్తనాన్ని మార్పు లేకుండా తరతరాలకు నిలపగల అసంయోగజననాన్ని పంటల్లోకి తేవాలనే పరిశోధకులకు కూడా బోచెరా మీద ఆసక్తి ఉంది.

సంరక్షణ

ఒకే శిలాపొరకు కట్టుబడిన జాతులు సహజంగానే అరుదు. ఫిసేరియా కంజెస్టా, ఫిసేరియా ఆబ్కార్డేటాలను అమెరికా ప్రభుత్వం 1990లో ముప్పులో ఉన్న జాతులుగా ప్రకటించింది. చమురు షేల్, సహజ వాయువు తవ్వకాలు ప్రధాన భయం. మిస్సోరి ప్రాంతపు సున్నపురాతి బయళ్లలో ఉండే ఫిసేరియా ఫిలిఫార్మిస్ 1987లో ప్రమాదస్థాయి జాబితాలో చేరి, పరిస్థితి మెరుగుపడటంతో 2003లో ముప్పు స్థాయికి తగ్గింది. వాషింగ్టన్ రాష్ట్రంలో కొలంబియా నది ఒడ్డున హాన్‌ఫర్డ్ రీచ్ తెల్లని దిబ్బల మీద మాత్రమే పెరిగే ఫిసేరియా డగ్లసై ఉపజాతి తుప్లాషెన్సిస్‌ను 2013లో ముప్పు జాబితాలో చేర్చారు.

సంరక్షణకూ గుర్తింపుకూ ముడి ఇక్కడే పడుతుంది. బెల్లై, విటులిఫెరా సంకరాన్ని శుద్ధ బెల్లైగా లెక్కిస్తే అరుదైన జాతి సంఖ్య ఎక్కువగా కనబడుతుంది. బోచెరాలో ఒక నకలు వంశాన్ని వేరు జాతి అన్నా, కాదన్నా రక్షణ జాబితా మారిపోతుంది.

క్షేత్ర పద్ధతి

కాయ పండిన సమయం ఎంచుకోవాలి. ఫిసేరియా ఎక్కువ చోట్ల ఏప్రిల్ నుంచి జూన్ దాకా పూస్తుంది, కాయ కోసం జూన్, జూలై దాకా ఆగాలి. పూల కాలంలో ఒకసారి, కాయ కాలంలో ఒకసారి వెళ్లి అదే మొక్కను చూడగలిగితే మేలు. ఫొటో తీసేవారు పువ్వును దగ్గరగా తీసి ఊరుకుంటారు. ఆ ఒక్క ఫొటోతో నిపుణుడైనా ఏమీ చెప్పలేడు. అడుగు ఆకులు, కాండం మొదలు, కాయ పక్క నుంచి, కాయకాడ వంపు, మొక్క నిలువెత్తు రూపం, కింది రాయి కనబడేలా తీయాలి. ఆకు పైభాగాన్ని భూతద్దం ద్వారా తీసిన చిత్రం అన్నిటికంటే విలువైనది.

నమూనా సేకరించేవారు వేరు మెడ దాకా తీసి, అడుగు ఆకులు విడిపోకుండా ఒత్తిపెడతారు. అడుగు ఆకులు లేని బోచెరా నమూనాకు పేరు పెట్టడం చాలాసార్లు అసాధ్యం. అమెరికా ఫెడరల్ భూముల్లో శాస్త్ర నమూనాల సేకరణకు అనుమతి కావాలి. 1973 నాటి ఎండేంజర్డ్ స్పీషీస్ చట్టం కింద రక్షణ పొందిన జాతులను ఆ భూముల నుంచి తీసుకోవడం నేరం. ఆ కొండల్లో నడకకు వెళ్లే పాఠకులు భూతద్దంతో చూసి, ఫొటో తీసి, మొక్కను ఉన్నచోటే వదిలిరావాలి.